తడి సంచి

"నిన్ననే కొత్త ఫ్యాన్ బిగించినవ్. లారీ ఆగిందంటే మల్ల ఏసీ వేడిగాలే కొడ్తాంది!" వచ్చుడు వచ్చుడే మెకానిక్ ఫ్రాన్సిస్ మీద గరమైండు డ్రైవర్ గట్టయ్య.

ఫ్రాన్సిస్ లారీ ముందటి జాలీ తీసిండు. ఫ్యాన్‌కు అడ్డంగ తడి గోనెసంచి కట్టి ఉంది.

"ఇదేందే కాకా? ఇంట్ల కూలర్ అనుకున్నవా, తడి గడ్డి పెట్టనీకి? గాలి ఎట్ల పోవాలె? ఏ ఇంజనీర్ కట్టిండు?"

క్యాబిన్ల కూసున్న గట్టయ్య పెండ్లాం లక్ష్మీనర్సమ్మ తల దించుకుంది. గట్టయ్య అటు చూసిండు.

"నేనే కట్టిన తియ్."

సంచికి కట్టింది ఎర్రంచు చీర పేలిక. ఫ్రాన్సిస్ నవ్విండు.

"చీరలు ఎప్పటిసంది కడ్తానవే కాకా?"

"నేనే కట్టిన బిడ్డా," అన్నది లక్ష్మీనర్సమ్మ. "మొన్న నర్సంపేట కాడ ఎండకు కండ్లు తిరిగి స్టీరింగ్ మీద పడ్డడు. ఒక్క ఫ్యాన్ సాలదేమో అని..."

ఫ్రాన్సిస్ సంచి విప్పి ఏసీ పెట్టిండు. చల్లగాలి కొట్టింది.

"ఇగ ఫికర్ లేదు. దిగి ఇంటికి పో," అన్నడు గట్టయ్య.

"ఉడుకుల నీ ఎంబడి తిరిగి, చల్లగయినంక దిగాల్నా?" లక్ష్మీనర్సమ్మ కొంగు కప్పుకొని కూసుంది. "నడుపు బండి."