స్వార్జితం

ఆ ఉదయం రాయపూర్ ఆకాశం మబ్బు పట్టి, కురవకుండా వేలాడుతోంది. ఆసుపత్రి వరండాలో సూరమ్మ మాత్రం మొగుడి మీద కురుస్తూనే ఉంది.

"నా కొడుక్కి మెదడులో గడ్డ మీ వంశం నుంచే వచ్చింది. మీ అయ్యకి తలపోటు లేదేటి?"

"మీ అన్నకి మూర్ఛలు లేవేటి?" అన్నాడు సింహాచలం. నెల్లాళ్లుగా ఎవరి వంట వాళ్లదే, ఎవరి కారియర్ వాళ్లదే.

కొడుకు దుర్గారావు ఆపరేషనుకి గీసిన గుండు తడుముకుంటూ డాక్టరు గదిలోంచి వచ్చాడు.

"లడాయి బంద్ చెయ్యండి. ఇది అరుదైన గడ్డంట. జన్యువు మారడం వల్లే వచ్చిందట. కానీ ఆ మార్పు పుట్టుకతో రాలేదు, నా పిల్లకీ రాదంట. పిత్రార్జితం కాదు, పక్కా నా స్వార్జితం. ఇన్నేళ్ల రైల్వే కొలువులో సైకిలు తరవాత నేను సంపాదించింది ఇదే!"

సింహాచలం నవ్వాడు. సూరమ్మ నవ్వలేదు.

"నువ్వు కడుపులో ఉన్నప్పుడు గ్రహణం నాడు మర్చిపోయి వంకాయలు తరిగినాను. దానివల్ల కాదా?"

"కాదమ్మా."

"అప్పట్నుంచీ వంకాయ ముట్టలేదురా."

ఒంటికి పడక తినదనుకున్నాడు సింహాచలం, నలభై ఏళ్లుగా. తన కారియర్ విప్పాడు. అందులో గుత్తివంకాయ. ఒకటి తీసి ఆమె కారియర్లోని అన్నం మీద పెట్టాడు.

ముగ్గురూ అక్కడే బల్ల మీద కూర్చుని తిన్నారు. సూరమ్మ తొడిమ దాకా తినేసింది.