ఫిల్టరు తీసే గది

ఆ రోజు ఇంట్లో ఉన్నది నాయనమ్మ, హైమ, పొదుగు వాచిన గేదె, పాలందక అరుస్తున్న దూడ. ఆ కాలానికి ఊరంతటికీ టీ హోటలువాళ్ల ఉచిత వైఫైయే దిక్కు. హైమ ఫోన్లో పశువుల డాక్టరుకు చూపిస్తుంటే, అసభ్యమైన బొమ్మలు కనబడకుండా ఆ వైఫైకి పెట్టిన ఫిల్టరు మనిషా పశువా అని చూడకుండా పొదుగును మసకతో కప్పేసింది.

"చూడకుండా మందు చెప్పలేనమ్మా. ఆలస్యమైతే పొదుగు పోతుంది."

నలుగురిలో నోరెత్తని హైమ గేదెను తోలుకుని హోటలుకు వెళ్లింది.

"సత్తిబాబు బాబాయ్, ఫిల్టరు తియ్యి" అంది హోటలు యజమానితో.

టీ తాగేవాళ్లు నవ్వారు.

"ఆడపిల్లవి, అదేం అడగడమే! ఫిల్టరు తీస్తే తలుపేసిన వెనకగదిలోనే చూడాలి. రూలు."

"సరే, గదిలోకే తోలుకొస్తా."

"గేదెనా?"

"పొదుగొక్కటే విడిగా రాదుగా బాబాయ్."

ఈసారి నవ్వులు సత్తిబాబు మీదకు మళ్లాయి. అతను గొణుక్కుంటూ బల్లలు జరిపాడు. గేదె తోకను లోపలికి నెట్టి, హైమనూ గేదెనూ లోపలుంచి తలుపు మూశాడు.