బ్రేకు కీచుమన్నప్పుడు

అయినా బండి అరిస్తే ఏం, అరవకపోతే ఏం?

వీధి మలుపులో బ్రేకు నొక్కినప్పుడల్లా కళ్లద్దాలాయన మనసులో ఆ మాటే తిరిగేది. బండి మాత్రం గొంతు చించుకుని కీచుమనేది. గుమ్మాల్లో నిలబడ్డవాళ్లు చెవులు మూసుకునేవారు.

"ప్యాడ్లు అరిగిపోయాయి, మార్పించండి" అని భార్య పోరింది. పోరగా పోరగా మార్పించాడు. కొత్తవి వేసిన రోజే ఈ కీచు మొదలైంది. మర్నాడు ఆమెను ఆసుపత్రిలో చేర్చారు. ఆ తర్వాత బండి సంగతి ఎవరికి పట్టింది?

ఆమె తిరిగి రాలేదు. కీచు ఉండిపోయింది.

ఆయన ఏడవలేదు. పరామర్శకు వచ్చినవాళ్ల మాటలు వినకుండా, వాళ్ల కళ్లజోళ్లు ముక్కు మీద సరిగ్గా కూర్చున్నాయో లేదో చూస్తూ ఉండిపోయాడు. కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీయడం ఆయన పని.

"అందరికీ చూపిస్తావు, నీకేమో మెట్టు కనపడదు!" అని దుకాణంలో ఆటపట్టించేవారు.

నిజమే. మసక వెలుతురులో ఆయన చూపు తడబడుతుంది. అందుకే పొద్దు ఉండగానే ఇల్లు చేరేవాడు. కానీ రెండు గోడల మధ్య ఇరుక్కున్న తన పైవాటా మెట్లకు పగలైనా రాత్రయినా చీకటే. ఆమె ఉన్నన్నాళ్లూ పైమెట్టు మీద నిలబడి సెల్‌ఫోను లైటు పట్టుకునేది.

ఆమె ఆసుపత్రికి వెళ్లినప్పటి నుంచి మెట్ల మీది బల్బు దానంతటదే వెలగడం మొదలైంది. అలికిడికి వెలిగే సెన్సారేదో ఇంటి ఓనరు పెట్టించి ఉంటాడనుకున్నాడు. ఆ పనేదో ఆమె ఉండగానే చేసి ఏడవొచ్చుగా అని కాస్త కోపం వచ్చింది. ఈమధ్య ఆయనకు వచ్చిన కోపం అదొక్కటే.

రెండోది కుట్టుమిషను ఆవిడ మీద వచ్చింది. కింద ముందుగదిలో అద్దెకుంటుంది. ఎప్పుడు చూసినా పెదవుల మధ్య దారప్పోగు.

"అన్నయ్యగారూ, మీ బండి మలుపులో ఉండగానే కేకేస్తుందండీ. నాకు గడియారంతో పన్లేకుండా పోయింది" అంది ఓ సాయంత్రం, నవ్వుతూ.

మనిషి పోయిన ఇంటివాడితో పరాచికాలా!

"రేపే మూయిస్తాలెండి దాని నోరు."

"అయ్యో, అందుక్కాదండీ..."

ఆయన అప్పటికే మెట్లెక్కుతున్నాడు. బల్బు వెలుగుతూనే ఉంది.

మర్నాడు మెకానిక్కు ప్యాడ్లు ఊడదీశాడు.

"ఇన్నాళ్లూ ఎలా భరించారు సార్? వీధి కుక్కలైనా వెంట పడలేదా?"

"నాకు వినపడలేదు."

"చెవుడా?"

"కాదు."

మెకానిక్కు మళ్లీ పనిలో పడ్డాడు. నున్నగా మెరుపెక్కిన ప్యాడ్లను గరుకు కాగితం మీద రుద్దాడు. వాటి వెనక రేకులకు కాస్త గ్రీజు పూసి బిగించాడు.

"ఇక చూస్కోండి, పిల్లిలా వచ్చి ఆగుతుంది."

అలాగే ఆగింది.

ఆ సాయంత్రం మెట్లు చీకటిగా ఉన్నాయి. మర్నాడూ అంతే. ఆ తర్వాతి రోజు మూడో మెట్టో నాలుగో మెట్టో తప్పి మోకాలి మీద పడ్డాడు. కింద కుట్టుమిషను కటకటలాడుతూనే ఉంది. ఆవిడతో మాట్లాడటం ఎందుకని గోడ పట్టుకుని పైకి వెళ్లాడు. ప్యాంటు తడిగా తగిలితే అప్పుడు చూసుకున్నాడు, నెత్తురు. నొప్పి మాత్రం ఎవరిదో అన్నట్టుంది.

సెలవు రోజు మధ్యాహ్నం కిందికి దిగితే, ఇంటి ఓనరు ముందుగది ఊడుస్తున్నాడు.

"సెన్సారు పాడైందండీ. కాస్త బాగుచేయించండి."

"ఏ సెన్సారు?"

"మెట్ల లైటుది."

ఓనరు చీపురు ఆపి నడుం పట్టుకున్నాడు.

"మీ ఇల్లు బంగారంగానూ! నేను సెన్సార్లు పెట్టించే రకంలా కనపడుతున్నానా? అది మామూలు బల్బేనండీ. ఇంటిని వాటాలు చేసినప్పుడు దాని స్విచ్చి ఈ గదిలో ఉండిపోయింది."

"మరి ఇన్నాళ్లూ..."

"కుట్టుమిషను ఆవిడే వేసేది. మీ బండి కీచుమంటే చాలు, చేతిలో పని వదిలేసి లేచేది. ఈమధ్య ఒకటే అడగడం, అన్నయ్యగారు ఊళ్లో లేరా, బండి వినపడట్లేదేంటని. ఆ మిషను మోతలో మీ అడుగులేం వినపడతాయి?"

"ఏరీ ఆవిడ?"

"పొద్దున్నే ఖాళీ చేసి వెళ్లిపోయింది. వాళ్లక్క దగ్గరికట. ఏ ఊరో నాకూ తెలీదు."

కళ్లద్దాలాయన ఖాళీ గదిలోకి చూశాడు. మిషను ఉన్నచోట నేల మీద నూనె మరక. మూలల్లో దారప్పోగులు.

"నేనెప్పుడూ వెయ్యమని అడగలేదే."

"మీరు అడగలేదు. మీ ఆవిడ అడిగారట."

"ఎప్పుడు?"

"ఆసుపత్రికి వెళ్లే రోజు. మీ చొక్కాల గుండీలు గట్టిగా కుట్టించడానికి వచ్చి, ‘ఆయనకి మెట్లు కనపడవు, నేను తిరిగొచ్చేదాకా కాస్త లైటు వేస్తూ ఉండమ్మా’ అన్నారట."

ఓనరు చెత్త ఎత్తుకుని బయటికి వెళ్లాడు.

తిరిగొచ్చేదాకా.

ఆయన చెయ్యి దానంతటదే చొక్కా పైగుండీ మీదికి పోయింది. గట్టిగానే ఉంది.

గోడ మీది స్విచ్చుల్లో ఒకదానికి చిన్న ఎర్ర గుడ్డముక్క అంటించి ఉంది. పనిలోంచి తల ఎత్తకుండానే చేతికి దొరకడానికి కాబోలు.

బయట ఇంకా ఎండగా ఉంది. మెట్ల మీద ఎవరూ లేరు.

ఆయన స్విచ్చి వేశాడు.