పదమూడు వేల పౌండ్లు

"ఇది మాత్రం వద్దు వేడ్," అంది నోరీన్.

అమ్మకానికి పెట్టిన వరసలో అన్నిటికన్నా పెద్ద ట్రైలర్ అది. రెండు గదులు, వంటిల్లు, స్నానాలగది. ముందుభాగం మెడలా వంగి ట్రక్కు తొట్టిలోకి దిగి కూర్చుంటుంది. బరువు పదమూడు వేల పౌండ్లు.

అప్పటిదాకా ఆవులిస్తున్న వేడ్ దాని చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు.

"ఏం, ఎందుకొద్దు?"

"మనది చిన్న పికప్. దాని వీపు మీద పదిహేను వందల పౌండ్లకు మించి మోపకూడదని డ్రైవర్ తలుపు పక్కన చీటీ అంటించి ఉంది. ఈ ట్రైలర్ మెడ ఒక్కటే రెండువేల ఆరొందలు మోపుతుంది."

వేడ్ సేల్స్‌మన్ వైపు తిరిగి కన్ను గీటాడు. "విన్నావా? మా ఆవిడ చీటీలు కూడా చదువుతుంది. బడి క్యాంటీన్లో గరిటె తిప్పే మనిషి, నాకు ట్రక్కు పాఠాలు చెబుతోంది!"

సేల్స్‌మన్ నవ్వలేదు. "ఆవిడ చెప్పింది నిజమే సార్. లాగడం ఎలాగోలా లాగుతుంది. కొండ దిగేటప్పుడు ఆపడమే కష్టం."

"నీకు అమ్మాలనుందా, లేదా?"

అమ్మాడు.

ఇంటికొచ్చేదాకా నోరీన్ తమ కుక్క గురించే ఆలోచించింది. మార్చి నెలలో కుక్క కుంటుతుంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామని ఏడ్చింది. పన్నెండేళ్ళు పెంచుకున్న కుక్క. మర్నాడు పొద్దున పెరట్లో గొలుసు ఒక్కటే ఉంది. వేడ్ కాఫీ తాగుతూ తుపాకి తుడుచుకుంటున్నాడు.

శుక్రవారం ఉదయం ప్రయాణం. కొండకవతల సరస్సు దగ్గర నాలుగు రోజులు క్యాంపు.

"ట్యాంకులో నీళ్ళు నింపకు వేడ్. క్యాంపులో పట్టుకోవచ్చు. ఊరికే ఐదొందల పౌండ్ల బరువు."

వేడ్ పైపు పెట్టి, పొంగి కాళ్ళ మీద పడేదాకా ఈల వేస్తూ నిలబడ్డాడు. ట్రక్కు వెనకభాగం కుంగిపోయింది. ముందు దీపాలు ఆకాశంలోకి చూస్తున్నాయి.

"కనుమ దారి వద్దు. హైవే మీద చుట్టు తిరిగి పోదాం. డెబ్భై మైళ్ళేగా ఎక్కువ."

"ఆ డెబ్భై మైళ్ళకీ పెట్రోలు మీ బాబు పోయిస్తాడా?"

నోరీన్ ట్రక్కు తలుపు పట్టుకుంది. ఆమె చేతులు వణుకుతున్నాయి. "సరే, నీ ఇష్టం. నన్ను కూడా నీ పక్కన ఎక్కించుకో. ఏదన్నా అయితే ఇద్దరికీ ఒకటే అవుతుంది. నీ కాళ్ళు పట్టుకుంటాను వేడ్!"

"వంద మైళ్ళు నా చెవిలో సణగడానికా?" వేడ్ పక్క సీట్లో బీరు పెట్టె పెట్టి, దానికి బెల్టు బిగించాడు. "ఇది నయం, నోరెత్తదు. నువ్వు నీ డొక్కు కారేసుకుని నా పొగ పీలుస్తూ రా."

నోరీన్ కళ్ళు తుడుచుకుని కారెక్కింది.

కొండ నెత్తిన లారీలు బ్రేకులు చూసుకునే చోట వేడ్ కాసేపు ఆగాడు. నోరీన్ కారు దిగి పరుగెత్తుకుంటూ వచ్చింది.

"రెండో గేరులో దిగు. బ్రేకు తొక్కిపట్టకు, కాలిపోతుంది. ఆగకపోతే నాలుగో మైలు దగ్గర కంకర దారుంది, అందులోకి ఎక్కించెయ్. చక్రాలు కూరుకుపోయి అదే ఆగుతుంది."

"కంకర దారి బండి నడపడం రాని వెధవలకే. తప్పుకో."

గేరు మార్చకుండానే దిగాడు.

నోరీన్ బాగా వెనకగా నడిపింది. మొదటి మలుపు నుంచీ ట్రైలర్ ఎర్ర బ్రేకుదీపాలు ఆరలేదు. రెండో మైలులో కాలిన వాసన. మూడో మైలులో చక్రాల దగ్గర తెల్లటి పొగ. ఆ తర్వాత పొగ ఉంది, వేగం తగ్గలేదు. ట్రైలర్ ట్రక్కును మెడ పట్టి తోస్తున్నట్టుంది. హారన్ ఆగకుండా మోగుతోంది.

కంకర దారి దగ్గర ట్రక్కు ఒక్క క్షణం అటు మొగ్గింది. మళ్ళీ రోడ్డు మీదికి వచ్చేసింది.

తర్వాతి మలుపులో రోడ్డు కుడికి తిరిగింది. ట్రక్కు తిరగలేదు.

హారన్ లోయలో చాలాసేపు మోగింది.

పెట్రోలింగ్ పోలీసు అధికారి లోయలోంచి పైకెక్కి వచ్చేసరికి నోరీన్ రోడ్డంచున ఇనపకడ్డీకి ఆనుకుని కూర్చుని ఉంది. అతను టోపీ తీశాడు. ఇంక చెప్పాల్సిన పని లేకపోయింది.

"అన్నీ చెప్పాను," అంది నోరీన్. "ట్రైలర్ వద్దన్నాను, నీళ్ళు వద్దన్నాను, ఈ దారి వద్దన్నాను. రెండో గేరులో దిగమన్నాను. కావాలంటే ట్రైలర్ అమ్మినాయన్ని అడగండి."

"కింద దొరికిన బిల్లు మీది నంబరుకి ఇందాకే ఫోన్ చేసి అడిగాం అమ్మా. ఆయనా అదే చెప్పాడు. మీరు చేయగలిగిందంతా చేశారు."

"కనీసం నన్ను పక్కన ఎక్కించుకోమని కాళ్ళావేళ్ళా పడ్డాను. వినలేదు."

"ఆ ఒక్కటీ వినకపోవడం మీ అదృష్టం," అన్నాడతను, ఆమె భుజాల మీద దుప్పటి కప్పుతూ.

నోరీన్ తలూపింది. పొద్దున ట్రక్కు తలుపు పట్టుకుని బతిమాలుతున్నంతసేపూ ఆమె చేతులు వణికింది ఒక్క భయంతోనే, ఇరవై రెండేళ్ళ కాపురంలో మొట్టమొదటిసారి వేడ్ ఎక్కడ తన మాటకు సరేనంటాడోనని.