చార వంగిన చోట

“ఆడ గడ్డపార దింపకుండ్రి!” జోజమ్మ రొప్పుకుంటూ వచ్చి కొడుకు సమాధి మీద అడ్డంగా కూలబడింది.

జియాలజిస్ట్ పద్మప్రియ కూలీలను ఆగమని సైగ చేసి, ఆమె పక్కనే గొంతుక్కూచుంది.

“అమ్మా, ఈ ఆకుపచ్చ రాయి ఒకప్పుడు లావా. భూమి లోపలి వేడికి, ఒత్తిడికి ఇట్లా మారిపోయింది. తర్వాత పగుళ్లలోకి ఎగదన్నిన వేడినీళ్లు ఈ తెల్లరాతి చారను వదిలాయి. బంగారం ఉంటే, చార వంగిన చోటే ఎక్కువ పోగవుతుంది.”

“అది నా జయరాజ్ కాడికొచ్చే వంగాల్నా?”

పద్మప్రియ చార వచ్చిన దారి వైపు చూసింది. అడవిలోంచి వాగు దాటి వచ్చిన చార, చర్చి వెనక సమాధుల అంచునే మలుపు తిరిగింది. దానికి అడ్డంగా కందకం తవ్వితే ఎంత వెడల్పో తేలిగ్గా తెలుస్తుంది.

“పెట్టె పైకి తీసి, ప్రార్థన చేసి, అవతల పెడదాం జోజమ్మా,” అన్నాడు పాస్టర్ ఏసయ్య.

“మీ కొడుకైతే గిట్లనే అంటరా అయ్యగారూ?”

ఏసయ్య తల దించుకున్నాడు. సోడా బండి కాడ బైకు మీద కూర్చున్న ఇద్దరు మాత్రం నవ్వారు.

“మేం లేపుతం గదా పెద్దమ్మా! నువ్వు కండ్లు మూసుకో, సరిపాయె.”

జోజమ్మ సమాధి మట్టిని రెండు చేతులా పట్టుకుంది. జయరాజ్‌కు వాగులో మెరుపుల రాయి దొరికిందని తెలిసిన నాటి నుంచి వీళ్లు వదిలితే ఒట్టు. చోటు చూపకుంటే గొంతు కోస్తామన్నారు. ఆ వానాకాలంలోనే, కొడుకు గోదారిలో మునిగి పోయిండని ఏడుస్తూ, మేకులు కొట్టిన పెట్టెతో ఆమె బూర్గంపాడు నుంచి ఆటోలో దిగింది. నీళ్లలో నానిన మొఖం ఎవరూ చూడొద్దని మూత తియ్యనియ్యలేదు.

బైకు దిగి ఒకడు దగ్గరికొచ్చాడు. గొంతు తగ్గించి అడిగాడు. “నిజం చెప్పు. ఆ రాయి పెట్టెలనే దాచినవా?”

“నా బిడ్డ తోడు, లేదు!”

“మరెందుకు గంత భయం?”

“కన్నతల్లిని రా! కుళ్లిన కొడుకును మళ్లా చూడమంటవా?” ఆమె గుండెలు బాదుకుంది. “తవ్వుతే నన్ను గూడ గిండ్లనే పూడ్చుండ్రి!”

పద్మప్రియ కళ్లు చెమ్మగిల్లాయి. లేచి కూలీల వైపు తిరిగింది.

“ఇక్కడ వద్దు. వాగు అవతల నుంచి ఏటవాలుగా బోరు వేద్దాం. చారను కిందనే పట్టుకోవచ్చు.”

“పెట్టెకు తగుల్తదా మేడం?”

“తగలదమ్మా. చాలా లోతున పోతుంది.”

“లోపల ఏమున్నదో చూసే మిషిన్ గిట్ల పెట్టరు గదా?”

“మాకు రాళ్లే కావాలమ్మా. నిశ్చింతగా వెళ్లు.”

బైకు వాళ్లు నేల మీద ఉమ్మేసి బండి స్టార్ట్ చేశారు. వాళ్లు మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా జోజమ్మ సమాధి మీంచి లేవలేదు. ఇంటికొచ్చి గడియ పెట్టింది. కిటికీ మూసింది. మళ్లీ గడియ తడిమి చూసుకుంది. బియ్యం డబ్బాలోంచి ఫోన్ తీసి నంబర్ నొక్కింది. అవతల ఎత్తిన చప్పుడు కాగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“తవ్వలేదు జయరాజూ, నువ్వింకా చచ్చినట్టే లెక్క.”