నిప్పుముద్ద తగిలిందా?

ఆదివారం సాయంత్రంలోగా నర్సీపట్నం అబీద్ సెంటర్ పక్క సందు నిండా జనం కనిపించాలి. లేదంటే వీడియో గేముల షాపు తాళంచెవి సింహాద్రమ్మ చేతిలో పెట్టి మన్మథరావు ఇంటికి పోవాలి.

గది సింహాద్రమ్మది. అందులో అల్లుడి చేత ఎరువుల కొట్టు పెట్టించాలని ఆవిడకు ఎప్పటినుంచో ఉబలాటం. ఇప్పుడు చేతికి ఆధారం కూడా దొరికింది. అమెరికాలో ఒకప్పుడు గేముల వ్యాపారమంతా కుప్పకూలిందనీ, ఈ రెండువేల సంవత్సరంలో మళ్లీ కూలినా కూలొచ్చనీ పేపర్లో పడిందట. ఎవరో చదివి వినిపించారు.

"అమెరికాలోనే నిలబడనిది అబీద్ సెంటర్లో నిలబడతాదేటి నాయినా" అంది.

మన్మథరావు నిజానికి కొన్నాళ్లుగా ఈగలు తోలుకుంటున్నాడు. విశాఖపట్నం వెళ్లినవాడల్లా ఓ చిన్న గేము డబ్బా కొనితెచ్చి ఇంట్లోనే ఆడుకుంటున్నాడు. అయినా మన్మథరావుకి ఆ షాపంటే ప్రాణం. తను అలిగి పుట్టింటికి వెళ్లినప్పుడు కూడా ఈ మనిషి ఇంత దిగులు పడలేదని ఆయన భార్యే చెబుతుంది.

అందుకే చివరి ప్రయత్నంగా పోటీ ప్రకటించాడు. వారం రోజుల ఆటలో ఇద్దరు మిగిలారు. ఒకరు చింతపల్లి రూట్లో జీపు తోలే కొండన్న. రెండోవాడు పృథ్వీరాజ్, డిగ్రీ రెండుసార్లు తప్పినా ఆటలో ఒక్కసారీ గురి తప్పని కుర్రాడు. కొండన్న ఎప్పుడూ గుండువాడిని తీసుకుంటాడు. పృథ్వీరాజ్ జడవాడిని. తన్నుకునే ఆ బొమ్మలకు కంపెనీవాడు ఏం పేర్లు పెట్టాడో నర్సీపట్నానికి అనవసరం.

తీరా ఫైనల్ రోజున చూస్తే మన్మథరావు తలుపు వేసుకుని, తల పట్టుకుని కూర్చున్నాడు. పోటీ మానేద్దామన్నాడు. తన రాత ఇంతేనన్నాడు. కొండన్న గదినోసారి కలియజూశాడు.

"అయితే ఏటి? మనం ఆడీగలం" అన్నాడు.

పృథ్వీరాజ్ కాసేపు బుర్ర గోక్కున్నాడు. ఆ తర్వాత నవ్వు ఆపుకోలేక సరేనన్నాడు.

సాయంత్రానికి రోలుగుంట నుంచి కూడా జనం దిగారు. గది చిన్నది, ఆటగాళ్లకు గాలాడదంటూ మన్మథరావు ఎవర్నీ లోపలికి రానివ్వలేదు. కిటికీలో రమణబాబు నిలబడ్డాడు. బస్టాండులో బస్సుల అనౌన్స్‌మెంట్లు చేసేది ఆయనే. మనిషి కిటికీ అంత వెడల్పు. గొంతు ఊరంత.

"ప్రయాణికులకు విజ్ఞప్తి" అని అలవాటుగా మొదలెట్టి నాలిక కరుచుకున్నాడు. "గుండువాడు బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నాడు."

సందు గొల్లుమంది.

జడవాడు ఎగిరాడన్నాడు రమణబాబు. గుండువాడు గొంతుక్కూర్చున్నాడన్నాడు. కాలు దొరకబుచ్చుకుని గిరగిరా తిప్పుతున్నాడన్నాడు. లోపల ధన్ ధన్‌మని ఒకటే మోత. ఉద్వేగం పట్టలేక మన్మథరావు దెబ్బ దెబ్బకీ బల్ల చరుస్తున్నాడు. ఎదురు కొట్టులో టైలరు సగం కుట్టిన చొక్కా వదిలేసి స్టూలెక్కాడు. చేపల గంప దించిన మరిడమ్మ బేరం మరిచిపోయి జడవాడి పక్షం చేరింది.

లోపల ఆటగాళ్లకు ఒళ్లు తెలియడం లేదు. చెమటలు కారుతున్నా తుడుచుకోకుండా ఎదురుగా చూస్తూ, ఎత్తు ఎత్తుకీ పైకి అరుస్తూ, జాయ్‌స్టిక్కులు విరిగేలా నొక్కుతున్నారు. చెరో ఆట గెలిచారు. మూడోది తేలాలి. అందులోనూ ఇద్దరికీ గీతంత ప్రాణం మిగిలింది.

"నిప్పుముద్ద ఏసీశాను" అన్నాడు పృథ్వీరాజ్.

సందంతా కిటికీ మీదికి ఒరిగింది.

"తగిలిందా?" అని అడిగాడు మన్మథరావు.

కాలేజీ కుర్రాడి చేతిలో కొండన్న ఓడాడని తెలిస్తే జీపుల స్టాండులో నెల్లాళ్లు ఏడిపిస్తారు. గెలిస్తే అదే స్టాండులో రాజా. జాయ్‌స్టిక్ వంక చూసుకున్నాడు. పెద్దగా నిట్టూర్చాడు.

"తగిలింది. వొంగాను గానీ, బేగి వొంగలేదు."

ఆ మాట కిటికీ దాటగానే సందు దద్దరిల్లింది. పృథ్వీరాజ్ ముందు కొండన్నను వాటేసుకుని, ఆ తర్వాతే తలుపు తీసుకుని జనంలోకి దూకాడు. వాళ్లు అతన్ని భుజాలమీద అబీద్ సెంటర్ దాకా మోసుకుపోయారు. ఎవరో సోడాలు పంచారు. ఎవరో మన్మథరావు మెళ్లో తువ్వాలు వేసి దండం పెట్టారు.

జనం పల్చబడ్డాక సింహాద్రమ్మ గుమ్మం దగ్గరికొచ్చింది. గుండువాడి తరఫున అరిచి అరిచి ఆవిడ గొంతు బొంగురుపోయింది. మన్మథరావు గబగబా బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసి, ఇక మీ ఇష్టమన్నట్టు తాళంచెవి చాపాడు. ఆవిడ పుచ్చుకోలేదు.

"నీకాడే ఉంచు. ఒచ్చే ఆదివారం మల్లీ పెట్టు, నా గుండోడు నెగ్గాల. అమెరికావోలది కూలితే కూలనీ, మనకేటి" అంది.

మన్మథరావుకి ఏడుపొచ్చేంత సంతోషమైంది. ఆవిడ కాళ్లకు దండం పెట్టేశాడు.

ఆవిడ సందు మలుపు తిరిగిన కాసేపటికి, ముందురోజు చెడిపోతే యలమంచిలిలో రిపేరుకిచ్చిన టీవీ, షాపు మొత్తానికి ఉన్న ఒకే ఒక్క టీవీ, ఆటోలో వచ్చి దిగింది.