గూటికి కాపలా

ఆత్మకూరు డిపోలో తెల్లారుజాము నుంచి బస్సుల కింద పడుకుని పడుకుని నడుము పట్టేసి, డేవిడ్‌రాజు మధ్యాహ్నానికి ఉదయగిరిలో ఇంటికి చేరాడు. గోళ్లలో గ్రీజు ఇంకా పోలేదు. వచ్చి చూస్తే ఏముంది, నిరోష నిన్న కూర్చున్నచోటే కూర్చుని ఉంది. వసారాలో, కరెంటు మీటరు కింద, చేతిలో చీపురుకట్ట పట్టుకుని. బడికి పోలేదు. కంచంలో అన్నం ఎండిపోయింది.

మీటరు వెనక పిచ్చుక గూడు. అందులో ఇంకా ఈకలు రాని పిల్లలు.

మొన్న వాటి తండ్రి పిచ్చుక ఫ్యాను తగిలి చచ్చిపోయింది. ఆ వెంటనే, గొంతు కింద ఇంత నల్లమచ్చతో ఇంకో మగది వచ్చి వాలింది.

దివ్యశ్రీ అని, పిచ్చుకల మీద చదువు చదివే అమ్మాయి. ఊళ్లో గూళ్లన్నీ తిరుగుతుంది. పిచ్చుకల కాళ్లకు రంగు రింగులు తొడిగి, చుక్క రక్తం తీసుకుని పోతుంది. ఆ అమ్మాయే నోరు జారింది. కొత్త మగది వస్తే ఒక్కోసారి పాత పిల్లల్ని పొడిచి కింద పడేస్తుందని, దాని ఒంట్లో హార్మోన్లు అట్లా చేయిస్తాయని. అన్నీ అట్లా చెయ్యవని కూడా చెప్పింది. ఆ మాట మాత్రం నిరోష చెవికెక్కలేదు. అప్పటి నుంచి ఇదే కాపలా. వాళ్లమ్మ అనురాధ బతిమాలి, కసిరి, చివరికి విసిగిపోయి ఆస్పత్రి డ్యూటీకి వెళ్లిపోయింది.

ప్రహరీ మీద తల్లి పిచ్చుక, ముక్కున పురుగుతో అటూ ఇటూ గెంతుతోంది. గూటి దగ్గరికి రావడం లేదు.

డేవిడ్‌రాజు దూరంగా గడప మీద కూలబడ్డాడు.

“నిన్ను చూసి తల్లి బెదర్తా ఉండాది పాపా. అట్టనే బెదిరితే పిల్లల్ని వదిలేసి పోతాదంట. ఆ అక్కే చెప్పింది.”

“మరి ఆ నల్లమచ్చది వస్తే?”

“నేను చూస్తాలే. నువ్వు పోయి రెండు ముద్దలు తిను.”

“నువ్వొద్దు.”

అతను గోడకు ఆనుకుని అట్లాగే కూర్చున్నాడు. కళ్లు మూతలు పడుతున్నా చూపు గూటి మీద నుంచి తిప్పలేదు.

ఎండ వాలింది. గూట్లో పిల్లల అరుపు సన్నబడింది. ఏం చేస్తుంది పాపం, నిరోష లేచి వెనక్కి వెనక్కి జరిగి అతని పక్కకు వచ్చి కూర్చుంది. కాస్త ఎడంగానే.

తల్లి పిచ్చుక రివ్వున గూట్లోకి దూరింది. లోపల ఒకటే గోల.

నల్లమచ్చది కరెంటు తీగ మీదే ఉండి చూస్తోంది.

“అది మంచిదో కాదో ఎట్టా తెలుస్తాది?” అంది నిరోష.

“కొన్నాళ్లు చూడాల్సిందే.”

నిరోష అతని ముఖంలోకి చాలాసేపు చూసింది.

“ఈడనే ఉంటావా?”

“ఉంటా.”

చీపురుకట్ట అతని చేతిలో పెట్టి, కంచం దగ్గరికి నడిచింది.

అనురాధను చర్చిలో పెళ్లాడి డేవిడ్‌రాజు ఆ ఇంటికి వచ్చి ఇంకా నెల కాలేదు.